గుంటూరు యూదులు

"గుంటూరులో యూదులా?"

భాస్కర్ ఫైలు మూసి మరీ నవ్వాడు. ఎదురుగా సోఫా అంచున కూర్చున్న దెబోరా తల వంచుకుంది.

న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలోని ఆ అపార్ట్‌మెంట్లలో ఏ తెలుగు పిల్ల కాలేజీకి వెళ్లాలన్నా దరఖాస్తు భాస్కర్ చూడాల్సిందే. చూపించకుండా పంపితే ఆయనకు కోపం. చూపించి పంపితే, వచ్చిన సీటు ఆయన తెచ్చిందే.

దెబోరా వాళ్లది ఎదురు ఇల్లే. నర్సింగ్‌లో సీటు వచ్చింది. తండ్రి వీసా మీద ఉన్న పిల్ల కాబట్టి ప్రభుత్వ సాయం అందదు. వెతగ్గా వెతగ్గా, వీసా సంగతి అడగని స్కాలర్‌షిప్పు ఒక్కటే దొరికింది. యూదు విద్యార్థులకు ఓ సహాయ నిధి ఇచ్చేది. మే ఒకటిలోగా అది రాకపోతే సీటు పోయినట్టే.

"నీ పేరు దెబోరా. మీ నాన్న సుందర్ రాజ్. ఇంక తెలియకపోవడానికి ఏముందమ్మా? మీది ఏ చర్చి?"

"చర్చి కాదంకుల్. తాతయ్య వాళ్ల ఊళ్లో ప్రార్థన మందిరం ఉంది. చిన్నది."

"ఊళ్లోనా, పేటలోనా?"

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో దెబోరాకు తెలుసు.

"అన్నీ సబ్మిట్ చేశానంకుల్. ఒక్క పేపర్ తగ్గింది. అది లేకపోతే కన్సిడర్ చెయ్యరంట."

"ఏది? మొన్ననే మతం మారినట్టు సర్టిఫికెట్టా?"

దెబోరా ఫైలు తీసుకుని లేచింది. "థాంక్యూ అంకుల్" అని కూడా అంది. అలా అనమని వాళ్లమ్మ నేర్పింది.

మర్నాడు పార్కింగ్‌లో సుందర్ రాజ్ కనిపించాడు. చేతిలో కూరగాయల సంచులు.

"ఏం సుందర్, ఎప్పుడు మారావు? మాక్కూడా చెప్తే మేమూ మారేవాళ్లం కదా!"

"మారడం ఏం లేదండీ. మా తాతగారి నాటి నుంచీ ఇంతే."

"మా తాత కూడా న్యూజెర్సీ గవర్నరేలే."

సుందర్ రాజ్ సంచులు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుని మెట్లెక్కాడు. అలా వెళ్లిపోవడం భాస్కర్‌కు ఒప్పుకోలులా కనిపించింది.

"చూశావా? దొంగ మొహం వేసుకుని ఎట్లా పోయాడో!" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో.

"పోనీలెండి, ఆడపిల్ల చదువు. మనకెందుకు?" అంది శశికళ.

"మనకెందుకేంటి? ఇట్లాంటోళ్ల వల్లే తెలుగోళ్లందరి పరువూ పోతోంది. ఆ నిధి వాళ్లకు నేను రిపోర్ట్ చేస్తా."

భాస్కర్‌ది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తప్పు ఎక్కడుందో పట్టుకుని, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు జరిగిందో వరుసగా రాయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆదివారం పొద్దున్నే కాఫీ పెట్టించుకుని కూర్చున్నాడు. పాత ఫోన్ మెసేజీలు తిరగేశాడు. పార్టీ ఫొటోల్లో తేదీలు వెతికాడు. ఒక్క ముక్క కూడా అబద్ధం రాయలేదు. అబద్ధం రాయాల్సిన అవసరం లేదనుకున్నాడు.

"ఈ కుటుంబాన్ని ఆరేళ్లుగా ఎరుగుదును. ఎవరితోనూ కలవని పొగరుబోతులు. శుక్రవారం పొద్దు గుంకితే ఫోన్ ఎత్తరు. మళ్లీ శనివారం చీకటి పడేదాకా కారు తీయరు. 2022 జూన్ 11, శనివారం ఎయిర్‌పోర్టుకు దింపమంటే, ఇంట్లోనే ఉండి కూడా సుందర్ రాజ్ రానన్నాడు. 2021 ఆగస్టు 15న మా ఇంటి పార్టీలో రొయ్యల వేపుడు ముట్టలేదు. గుంటూరు మనిషి రొయ్యలు వద్దంటాడా? కోడి ముక్కలు పెరుగులో నానబెట్టామని తెలిసి బిర్యానీ కూడా పక్కన పెట్టేశారు. అప్పటి నుంచి మా ఇంట్లో మంచినీళ్లే తాగుతారు. ఏటా వసంతంలో ఇంట్లో ఉన్న బ్రెడ్డు, గోధుమపిండి అంతా తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోతారు. మేమేమన్నా బిచ్చగాళ్లమా? సెప్టెంబరులోనో అక్టోబరులోనో ఒక రోజంతా పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఆ రోజు పిల్లను స్కూలుకు కూడా పంపరు. డిసెంబరులో చుక్క కట్టరు, కేకు పంచరు. క్రైస్తవులమన్న సంగతి దాచుకునే ఎత్తు ఇది. ద్వారబంధానికి ఏదో చిన్న గొట్టం బిగించారు. లోపలికి వెళ్లేటప్పుడల్లా దాన్ని తాకి వేళ్లు ముద్దుపెట్టుకుంటారు. చేతబడి అని మా అనుమానం. నేను హిందువును. వీళ్లకు చుట్టాన్ని కాను, స్నేహితుణ్ణీ కాను. నిజం మీకు తెలియాలనే రాస్తున్నాను."

కింద పూర్తి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు పెట్టాడు. ఆకాశరామన్న ఉత్తరాలు రాసే రకం కాదు తను. పంపించేసి, శశికళను ఇంకో కాఫీ అడిగాడు.

పది రోజులు ఎదురు ఇంటి తలుపు చప్పుడైనప్పుడల్లా చెవి ఒగ్గాడు. దెబోరా ఎదురైతే పలకరించాడు కూడా.

"ఏమ్మా, వచ్చిందా స్కాలర్‌షిప్పు?"

"ఇంకా లేదంకుల్. ఆ పేపర్ ఎవరూ ఇవ్వలేదు."

"ఎవరిస్తార్లే!" అన్నాడు భాస్కర్ జాలిగా.

ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన నిధి వాళ్ల జవాబు వచ్చింది.

"శశీ, ఇట్లా రా! ఈ దేశంలో న్యాయం ఇంకా ఉంది," అని కేక వేసి, భార్య వచ్చి పక్కన నిలబడ్డాక గొంతు సవరించుకుని ఒక్కో మాటా తెలుగులో చెబుతూ చదవడం మొదలుపెట్టాడు.

"భాస్కర్ గారికి, ఆ కుటుంబం యూదు ఆచారాలు పాటిస్తోందని, చుట్టంగానీ స్నేహితుడుగానీ కాని అన్యమతస్థుడు ఏళ్ల తరబడి కళ్లారా చూసి ఇచ్చిన సాక్ష్యం ఒక్కటే దెబోరా దరఖాస్తులో తక్కువైంది, దాన్ని ఇంత వివరంగా, తేదీలతో సహా పంపినందుకు మీకు మా కృతజ్ఞతలు."