చుక్క గ్లిజరిన్ లేకుండా

సీరియల్ సెట్లో పనంతా ఆగిపోయింది. ఆరేళ్ళ పాప ఏడవడం లేదు.

దర్శకుడు బతిమాలాడు, కసిరాడు. పాప తల్లి తొడపాశం కూడా పెట్టి చూసింది. లాభం లేకపోయింది.

అప్పుడు అందరి చూపూ బామ్మ వేషం కట్టిన నటి మీద పడింది. ఒకప్పుడు సినిమాల్లో ఆమె ‘ఏడుపు పాప’. చుక్క గ్లిజరిన్ లేకుండా ఏడ్చి, హాలంతటినీ ఏడిపించేది. పెద్దయ్యాక, ఇంకా పాప మొహమేనని హీరోయిన్‌ని చెయ్యలేదు. నలభై నిండకుండానే, వయసు మీరిందని బామ్మను చేశారు.

“మేడమ్, మీకు పుణ్యముంటుంది. ఆ కిటుకేదో పాపకి కాస్త చెప్పండి,” అన్నాడు దర్శకుడు.

కిటుకు ఆమెది కాదు, వాళ్ళమ్మది. ప్రతి ఏడుపు షాట్‌కీ ముందు వచ్చి చెవిలో చెప్పేది: “నువ్వు ఏడవకపోతే అమ్మ చచ్చిపోతుంది.”

నటి పాప పక్కన చతికిలబడి, చెవిలో ఏదో చెప్పింది. పాప కిలకిలా నవ్వి, చెప్పులు వెతుక్కుంటూ పరుగు తీసింది.

“ఏం చెప్పారండీ బాబూ!” దర్శకుడు తల పట్టుకున్నాడు.

“ఏడవకపోతే ఏమీ కాదమ్మా, ప్యాకప్ చెప్పేస్తారు, హాయిగా ఇంటికెళ్ళి ఆడుకోవచ్చు అన్నాను.”

ఆ మాట పైకి అనేసరికి ఆమెకు కన్నీళ్ళు ధారకట్టాయి.

దర్శకుడు ఎగిరి గంతేశాడు. “కెమెరా ఇటు తిప్పండ్రా! మేడమ్, దణ్ణం పెడతా, తుడుచుకోకండి!”

ఆమె తుడుచుకోలేదు. అలవాటు కొద్దీ, మొహం దానంతటదే లైటు వైపు తిరిగింది.