కొట్టనక్కరలేని తలుపు

ఆదివారం పదకొండు ముప్పావు. చర్చి నుంచి తిరిగొచ్చిన తల్లి, తండ్రి, కూతురు సొంతింటి గుమ్మం బయటే నిలబడిపోయారు. తలుపు తాళంలోకి తాళంచెవి దూరడం లేదు. ముగ్గురూ ఎవరిది వాళ్ళు పెట్టి చూశారు. మూడూ సగంలోనే ఆగాయి.

"మార్చమని ఎన్నిసార్లు చెప్పానమ్మా," అంది కూతురు. "అరిగి అరిగి చచ్చింది ఆ తాళం."

నాలుగో తాళంచెవి కొడుకు దగ్గర ఉంది. ఆరేళ్ళ కిందట తండ్రితో గొడవపడి వెళ్ళినప్పుడు జేబులో వేసుకుపోయాడు. అది పనికిరాకుండా పోతుందని తల్లి తాళం మార్చనివ్వలేదు.

"వచ్చేవాడు తలుపు కొడతాడుగా," అంది కూతురు.

"కొట్టడానికి వాడేమన్నా చుట్టమా? ఇంటివాడిలా రావాలే."

తండ్రి ఆ మాట విననట్టు తాళాలు బాగుచేసే మేస్త్రీకి ఫోన్ చేశాడు. ఆదివారం తెరిచేది వీధి చివరున్న అతని కొట్టొక్కటే. మేస్త్రీ వచ్చేదాకా గేటుకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

ఆ పొద్దున చర్చిలో, క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలపు మొదటి కొవ్వొత్తి వెలిగించారు. అది నిరీక్షణ కొవ్వొత్తి అని, చెదిరిపోయినవాళ్ళను తిరిగి సమకూరుస్తానని దేవుడు మాటిచ్చాడని, కనిపెట్టుకుని ఉండమని పాస్టరు చెప్పాడు. తల్లి ఆ మాటే మళ్ళీ ఎత్తింది.

"పాస్టరుగారు చెప్పింది ప్రభువు రాకడ గురించమ్మా," అంది కూతురు. "మనవాడి రాకడ గురించి కాదు."

మేస్త్రీ వచ్చి వంగి చూశాడు. లోపల ఏదో అడ్డుపడిందని, అది తీసినా తాళం ఎక్కువ రోజులు ఆగదని, కొత్తది వేయించుకోవడమే మేలని చెప్పాడు. సంచిలోంచి కొత్త తాళం తీసి పక్కన పెట్టాడు. కూతురు తల్లి వైపు చూసింది. తల్లి మెట్టు మీద కూలబడింది.

"మార్చేయి బాబూ," అంది.

మేస్త్రీ మరలు విప్పాడు. పాత తాళాన్ని తలకిందులు చేసి అరచేతిలో తట్టాడు. ఇత్తడి ముక్క ఒకటి రాలింది. తాళంచెవి కొస. విరిగిన చోట ఇంకా మెరుస్తోంది. ఎవరిది విరిగిందని అడిగాడు. ముగ్గురూ తమవి చూపించారు. మూడూ పూర్తిగా ఉన్నాయి.

మేస్త్రీ ఆ ముక్కను వెలుతురులోకి తిప్పి చూశాడు. కొత్త తాళాన్ని తిరిగి సంచిలో వేశాడు.

"దీని రెండో సగం పట్టుకుని ఒకతను పొద్దుట్నించీ నా కొట్లో కూర్చున్నాడమ్మా," అన్నాడు. "ఏ ఇంటిదంటే చెప్పడు."