ఎద్దు బొమ్మ మీద సంతకం

"మీ నాన్న మురళీమోహన్ లాంటి ద్రోహి ఈ రాయ్‌పూర్ మొత్తంలో లేడ్రా" అంటూనే కొండలరావు ఫోన్ తెరలోకి తొంగి చూశాడు. "ఏదీ, ఆ ముక్క ఇటు తిప్పు."

పోలండులో మాంసం కొట్టు లోపల నిలబడ్డ వివేక్ ప్యాకెట్ తిప్పి చూపించాడు. "దీని మీద షాంక్ అని ఉంది పెదనాన్నా. మన లెక్కలో ఏంటిది?"

"మధ్యలో మూలుగ ఎముక కనబడతంది కదా. మోకాలి కింద ముక్కరా అది. ఇక్కడోళ్లు నల్లీ అంటారు. మేకైతే నాలుగు విజిళ్లు చాలు. ఎద్దు కాబట్టి పన్నెండు రానీ."

"మరి బ్రిస్కెట్?"

"కొవ్వు ఒక వరసా, కండ ఒక వరసా ఉందా? రొమ్ము. పులుసు పెట్టు. వేపుడు చేశావో, చెప్పు నమిలినట్టే."

వివేక్ నవ్వాడు. "మీరు లేకపోతే మా గదిలో ఎనిమిదిమందీ పస్తే. నాన్నకి మాత్రం చెప్పకండి. ఎద్దు తింటున్నానని తెలిస్తే కాళ్లు విరగ్గొడతాడు."

"నేనెందుకు చెప్తాన్రా!"

కొండలరావుకి కడుపు చల్లబడింది. ఏడో తరగతిలో బడి మానేసి, పండరీ బజారు వెనక సందులో మేకలు కోసి, తమ్ముణ్ణి చదివించినవాడు అతను. ఆ చదువుతో రైల్వే గుమస్తా అయిన తమ్ముడు, పార్వతీపురంలో నాన్న పొలమంతా తన కిందే పెట్టుకున్నాడు. అడిగితే "నీ వాటా అప్పుడే ముట్టజెప్పానుగా అన్నయ్యా" అన్నాడు. కోర్టులో మాత్రం దానికి రుజువు చూపించలేక తొమ్మిదేళ్లుగా నీళ్లు నములుతున్నాడు. వచ్చే వాయిదాతో తీర్పు మనదేనని వకీలు చెప్పాడు. ఇప్పుడు వాడి కన్నకొడుకే, వాడికి తెలియకుండా, ఆదివారం ఆదివారం తనకి ఫోన్ చేస్తున్నాడు.

"ఇంకో మాట పెదనాన్నా. మీరు చెప్పినవన్నీ పటంలా వేయించాను. ఎద్దు బొమ్మ, ఏ భాగానికి ఏ పేరు, అంతా. కొట్టువాడు గోడకి తగిలిస్తానన్నాడు. కింద మీ సంతకం ఉంటే ఆ అందమే వేరు."

"నా సంతకమా? పోలండు గోడ మీదా?"

ముప్పై ఏళ్లు కత్తి పట్టినా అతని కొట్టుకి బోర్డయినా లేదు.

"ఫోన్‌లో పంపాను, అమూల్య అచ్చు తీయించి తెస్తుంది. కానీ ఎద్దు బొమ్మలు కదా, అసలే అక్కడి రోజులు బాగాలేవు. ఎవరి కంటా పడనివ్వకండి."

"నాకు తెలీదేట్రా!"

మర్నాడు సాయంత్రం దేవేంద్ర నగర్ నుంచి వివేక్ భార్య అమూల్య వచ్చింది. "పండరీలో చీరలు కొనాలని మావయ్యకి అబద్ధం చెప్పి వచ్చాను పెద్దమామయ్యా" అంటూ చీరల సంచి అడుగు నుంచి నాలుగు కాగితాలు తీసింది.

మొదటి బొమ్మ చూడగానే కొండలరావు మొహం చిట్లించాడు. "తొడకీ తుంటికీ తేడా తెలీనోడెవడమ్మా గీసింది? ఈ గీత ఇంకా కిందకి రావాలి."

"మీరే దిద్దండి."

దిద్దాడు. మూడు ఎద్దుల కిందా కళ్లద్దాలు సర్దుకుని మూడు సంతకాలు పెట్టాడు.

"నాన్నా, ఏం కాగితాలవి?" వంటింట్లోంచి కూతురు భావన కేకేసింది. బ్యాంకులో పని చేస్తుంది, ఇంగ్లీషు గడగడా చదువుతుంది. "ఉండు, వచ్చి చూస్తా."

"నువ్వు చూసేవేటీ లేవు! చాయ్ సంగతి చూడు." గబుక్కున వాటి మీద తువ్వాలు కప్పేశాడు. కూతురు మళ్లీ గిన్నెల పనిలో పడ్డాక, కొస ఎత్తి నాలుగో కాగితం బయటికి లాగాడు. దాని మీద బొమ్మ లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే.

"ఇదేటమ్మా?"

"ఇది మీ గురించే పెద్దమామయ్యా. మీరెవరు, ఎవరబ్బాయి, ఏ ఊరు..."

"చదువు, విందాం."

అమూల్య గొంతు తగ్గించి, తెలుగు చేసి చదివింది. "కొండలరావు అనే నేను, పార్వతీపురం కోటయ్యగారి పెద్ద కొడుకుని..."

నాన్న పేరు కూడా పోలండు గోడ ఎక్కుతోంది. కొండలరావు కళ్లు చెమర్చాయి. అంతలో చాయ్ కప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

"బస్, బస్, చాలు. ఇలా తే!" సంతకం గీకేసి, నాలుగు కాగితాలూ తనే సంచిలోని చీర మడతలో దూర్చాడు.

భావన చాయ్ ఇచ్చి అనుమానంగా చూసింది. కొండలరావు దూలాల వైపు చూస్తూ కూనిరాగం తీశాడు.

వెళ్లేటప్పుడు అమూల్య వంగి అతని కాళ్లకి దండం పెట్టింది. ఎందుకో మొహం మాత్రం పైకెత్తలేదు.

"మీ మావకి తెలియనీకమ్మా" అన్నాడు కొండలరావు గుసగుసగా, మీసం దువ్వుకుంటూ.

అమూల్య చదవకుండా మిగిలిన వాక్యం ఇది: "ఎకరా ముప్పై రెండు సెంట్ల నా వాటా నాకు ముట్టింది."