పడవల రేవు రిపోర్టులు

"పాల పక్కన ఆ చెరువు నీళ్ళేంటమ్మా? చూడకుండా కాఫీలో పోస్తే నన్ననొద్దు," అంది అత్తగారు ఫ్రిజ్ తలుపు పట్టుకుని.

"చల్లగా ఉంచాలత్తయ్యా. ఇంకోసారి కొలవాలి," అంది కోడలు. చెరువులో నాచు పెంచే భాస్వరం ఎంతుందో పరీక్షించడం ఆమె ఉద్యోగం.

"ల్యాబులో పెట్టుకోవచ్చుగా?" అన్నాడు భర్త, బూటు లేసు కట్టుకుంటూ. ఊరి మురుగు చెరువులో కలవకుండా పైపు వేసి మళ్ళించిన ఇంజనీరు అతనే. ఆ పైపు పడ్డాక భాస్వరం తగ్గి, నాచు పోయి, నీళ్ళు తేటపడ్డాయని ఆమె రిపోర్టులు చెప్పాయి.

"ఇవి వాగు కలిసే చోట పట్టినవి."

అతని చేతులు ఆగాయి. "నువ్వు పట్టేది పడవల రేవు దగ్గర కదా?"

"రేవు మరమ్మతులో ఉందని వాగు దాకా నడిచాను. అక్కడ భాస్వరం ఐదింతలుంది. ఎగువ కొత్త కాలనీ మురుగు మీ పైపులో కలపలేదు కదూ?"

"పైపు చాలలేదు. వచ్చే ఏడు కలుపుదామనుకున్నాను. నీకు చెబితే ఊరుకుంటావా?"

రేవు దగ్గర పట్టమని మూడేళ్ళ కిందట ఆమెకు చెప్పింది అతనే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఏ మెట్టు మీద కూర్చోవాలో కూడా చూపించాడు. మా ఆయనకి నా పనంటే ఎంత శ్రద్ధో అని ఆఫీసంతా చెప్పుకుంది. వాగు నీళ్ళు చేరని మూల అదొక్కటేనని ఇప్పుడు తెలిసింది.

"మొగుడి పరువమ్మా," అంది అత్తగారు మెల్లగా. స్కూలుకి బయల్దేరిన కూతురు బిక్కమొహం వేసుకుని చూస్తోంది.

ఆమె పిల్ల జడ రిబ్బను బిగించి, ముగ్గురికీ వినిపించేలా నెమ్మదిగా అంది.

"మూడేళ్ళ రిపోర్టులూ తప్పని ఇవాళ రాసిస్తున్నాను. కింద నా సంతకమే ఉంటుంది. రేవు దగ్గర పట్టమన్నది ఎవరో కూడా రాస్తాను."