పిన్ను చిల్లులు

ఆ పూట టైలరమ్మకి ఒళ్ళు మండిపోతోంది.

కూతురు గదిలోంచి బయటికి రావడం లేదు. తిండి లేదు, మాట లేదు. పెళ్ళి చేసుకుందామనుకున్న అబ్బాయితో చెడింది.

ఇంకే కారణమైనా అయితే సర్దిచెప్పేదే. పార్టీ! ఆ అబ్బాయిది ఇంటిల్లిపాదీ అవతలి పార్టీ. వాళ్ళింట్లో భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, "మీ వాళ్ళంతా దొంగలు" అన్నాడట వాళ్ళ నాన్న. అబ్బాయి నోరు మెదపలేదట. ఈ పిల్ల కంచం ముందు నుంచి లేచి వచ్చేసింది.

"పాడు పార్టీ! కాపురం మొదలవకముందే నిప్పులు పోసింది," అని గొణుక్కుంటూ మిషన్ తొక్కుతోంది.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. ఎప్పుడూ చూడని పెద్దాయన.

"ఏం కుట్టాలండీ?"

"కుట్టడానికి కాదమ్మా. ఒకటి అడగడానికి వచ్చాను."

ఆమె కళ్ళు అలవాటుగా చొక్కా మీదికి పోయాయి. జేబు మీద పిన్ను గుచ్చిన చిల్లులు. వాటి చుట్టూ నక్షత్రం ఆకారంలో రంగు వెలవకుండా ఉండిపోయింది. అవతలి పార్టీ బ్యాడ్జీ!

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బ్యాడ్జీ పీకేసి వస్తే పోల్చుకోలేమనుకున్నారా? గుడ్డతోనే బతికేదాన్ని నేను!"

"అయ్యో, అందుకు తీయలేదమ్మా..."

"ఎన్నికలొస్తే చాలు, అడగడానికి తయారు!"

"ఒక్క మాట వినండి. తప్పు మాదే..."

"ముమ్మాటికీ మీదే! మీ మూలంగా నా బిడ్డ ఏడ్చి ఏడ్చి పడుంది. ఏ మొహం పెట్టుకుని అడుగుతారు? చచ్చినా ఇవ్వం!"

పెద్దాయన మొహం పాలిపోయింది.

"మీ ఇంట్లో అందరి మాటా ఇదేనా అమ్మా?"

"అందరిదీ ఇదే! మళ్ళీ ఈ గడప తొక్కకండి."

"సరేనమ్మా. ఇక రాను."

తలవంచుకుని మెట్లు దిగిపోయాడు. ఆమె తలుపు ధడాలున వేసింది. ఎన్నాళ్ళ కసో తీరినట్టయింది.

కాసేపటికి గది తలుపు తెరుచుకుంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తూ కూతురు వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ, మొహంలో నవ్వు.

"ఎవరమ్మా వచ్చింది?"

"ఎవడో ఓట్లవాడు. కడిగిపారేశాలే."

"సరే గానీ, ఈ గుడ్డ ముక్కలన్నీ తీసెయ్ తొందరగా! ఇప్పుడే ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్న మెత్తబడ్డాడటమ్మా, నన్ను కోడలిగా అడగడానికి తనే మనింటికి బయల్దేరాడట!"