కనపడని టవల్

"టవల్ ఏదిరా?"

బాక్సింగ్ నేర్పే బాబాయి బకెట్ వెనకా బెంచీల కిందా వెతుకుతున్నాడు. బరిలో ఆయన కొడుకు చెడామడా దెబ్బలు తింటున్నాడు. టవల్ విసిరి ఓటమి ఒప్పుకుంటేనే పోటీ ఆపుతారు.

ఆయన పాత శిష్యుడు వంకరమూతి ఆ టవల్ మీదే గుడ్లు పొదిగే కోడిలా కూర్చున్నాడు. బరిలో తన దవడ పక్క ఊరికి వినపడేంత గట్టిగా విరిగిన రోజు బాబాయి చెప్పిన సాకునే ఆయనకు తిరిగి అప్పజెప్పాడు.

"సమయానికి కనపడి చావదు బాబాయ్!"

కొడుకు మోకాళ్ళ మీద కూలాడు. బాబాయి బొత్తాలు తెంపుకుని, చొక్కా విప్పి బరిలోకి విసిరాడు. పోటీ ఆగింది.

వంకరమూతి లేచి, వెచ్చటి టవల్‌ని ఆయన వట్టి భుజాల మీద కప్పాడు.

"ఆ రోజు కూడా నీ ఒంటిమీద చొక్కా ఉంది కదా, బాబాయ్!"