టోపీ లోపల వినిపించిన మాట

"వాడికి వినపడలేదు మహాతల్లీ! ఎన్నిసార్లు చెప్పాలి?" జెనోన్ తన కొడుకు ఇనుప టోపీని బల్లమీద ఠంగున పెట్టాడు.

కోట ఆవరణలో జరుగుతున్న పిల్లల కత్తియుద్ధం పోటీకి రిఫరీ బోగ్న. "నేను 'ఆగండి' అన్నాక, కిందపడ్డ పిల్ల మెడమీద మీవాడు మళ్లీ కొట్టాడు. విని కొట్టాడని తేలితే ఈ ఏడాదంతా కత్తి ముట్టుకోడానికి లేదు."

"మా పిల్ల మెడ తిప్పలేకపోతోంది," అన్నాడు అవతలి జట్టు కోచ్ లెషెక్. "అబద్ధాలు కూడా నువ్వే నేర్పుతావా వాడికి?"

"మూతి పగులుద్ది, జాగ్రత్త!"

జెనోన్ కొడుకు తిమెక్ కోటగోడకు ఆనుకుని చేతి తొడుగులు చూసుకుంటున్నాడు.

"ఇది పెట్టుకుని గోడవైపు తిరగండి," అంది బోగ్న. "వెనకనుంచి అరుస్తాను. వినపడితే ఇటు తిరగండి. వినపడకపోతే ఫిర్యాదు కొట్టేస్తా."

జెనోన్ టోపీ పెట్టుకుని గడ్డంకింద పట్టీ బిగించాడు.

"ఆగండి!"

అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. జెనోన్ గోడలో రాయిలా నిలబడ్డాడు. కొడుకు కోసం ఈపాటి చెవుడు నటించలేడా?

"ఆగండి!"

కదల్లేదు.

"దొంగ వెధవ!" అన్నాడు లెషెక్.

జెనోన్ పళ్లు బిగించాడే తప్ప, దానికీ కదల్లేదు.

అప్పుడు తిమెక్ మాట్లాడాడు, గట్టిగా కూడా కాదు.

"నాన్నా, ఆవిడ ఆగమన్నదీ విన్నాను. ఆ వెంటనే కంచె అవతలనుంచి 'ఇంకోటి వెయ్యరా' అని నువ్వన్నదీ విన్నాను."

జెనోన్ గిరుక్కున కొడుకువైపు తిరిగాడు.

తిరిగాక గానీ తెలియలేదు, తాను తిరిగినట్టు.